మోకాలి లిగమెంట్ రెండోసారి తెగింది. హెన్రీ షెఫ్లిన్ 2010 ఫైనల్ ఎలా ఆడాడు? తర్వాత ఎలా తిరిగొచ్చాడు?

సీతమ్మధార హాఫ్‌బ్యాక్ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. పోస్టు కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి.

నాకు 36 ఏళ్లు. సీతమ్మధారలో బ్యాంకు ఉద్యోగం. స్కూలు రోజుల నుంచి హాకీ ఆడుతున్నాను. ఇప్పుడు ఆడేది పెద్ద ఆటేం కాదు. గాజువాక వైపు ఒక మట్టి గ్రౌండులో ఆదివారం పొద్దున్న ఆరింటికి పదిహేను ఇరవై మంది ఆడవాళ్లం కలుస్తాం. ఏడాదికి రెండు మూడు టోర్నమెంట్లు ఆడతాం. కుడి మోకాలు మొదటిసారి 2019లో పోయింది. ఏసీఎల్, అంటే మోకాలి ఎముకల్ని పట్టి ఉంచే లిగమెంట్, తెగింది, ఆపరేషన్ అయింది, పది నెలలకి మళ్లీ గ్రౌండులోకి దిగాను. పోయిన నెల మళ్లీ అదే మోకాలు. ఎవరూ తగల్లేదు. బంతి కోసం ఎడమకి తిరిగాను, పాదం మట్టిలో అక్కడే ఉండిపోయింది, ఒళ్లు మాత్రం తిరిగింది. లోపల టప్పుమంది. ఆ చప్పుడు ఒకసారి విన్నాక మరిచిపోలేం. కింద పడేలోపే నాకు అర్థమైపోయింది. స్కానింగులో కూడా అదే వచ్చింది.

ఇప్పుడు వాపు తీసింది. మెట్లు ఎక్కుతున్నాను. బీచ్ రోడ్డు మీద నేరుగా మెల్లగా పరిగెడితే ఏమీ తెలియడం లేదు. ఇంకో మూడు వారాల్లో మా టోర్నమెంటు ఫైనల్. ఆరేళ్లలో మేం ఫైనల్‌కి రావడం ఇదే మొదలు. ఆపరేషన్ ఆ తర్వాతే పెట్టుకుని, మోకాలికి గట్టిగా పట్టీ వేసుకుని ఆడేస్తే ఏమవుతుందని మనసు పీకుతోంది.

ఈ ఆలోచన నాకు రావడానికి కారణం హెన్రీ షెఫ్లిన్ అనే ఐర్లాండ్ హర్లింగ్ ఆటగాడు. మా తమ్ముడు ఐర్లాండ్‌లో వాటర్‌ఫర్డ్ అనే ఊళ్లో ఒక కాలేజీలో ఎంఎస్ చేశాడు. షెఫ్లిన్ కూడా ఆ కాలేజీలోనే చదివాడు. తమ్ముడు పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు ఒక హర్లింగ్ కర్ర, బంతి తెచ్చాడు. తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. హర్లింగ్ ఐర్లాండ్ వాళ్ల సొంత ఆట, వేల ఏళ్ల నాటిదంటారు. జట్టుకి 15 మంది, పెద్ద మ్యాచ్ 70 నిమిషాలు. మైదానం మన హాకీ గ్రౌండు కంటే 40, 50 మీటర్లు పొడవెక్కువ. గోల్‌పోస్టులకి మధ్యలో అడ్డకర్ర ఉంటుంది. దాని కింద నుంచి నెట్‌లోకి కొడితే గోల్, అంటే మూడు పాయింట్లు. పైనుంచి పోతే ఒక పాయింటు. బంతిని గాల్లో చేత్తో పట్టుకోవచ్చు గానీ నేల మీద నుంచి చేత్తో తీయకూడదు, కర్రతోనే లేపాలి. లేపిన బంతిని గాల్లో ఉండగానే కొట్టడం చూస్తే నాకు చిన్నప్పటి కర్రాబిళ్ళ గుర్తొచ్చింది. తేడా ఏంటంటే, ఇక్కడ కొట్టేవాడి మీదకి ఇద్దరు కర్రలెత్తుకుని వస్తుంటారు.

ఆ కర్రని హర్లీ అంటారు. ఆష్ అనే చెట్టు మొదట్లో, కాండం వేరులోకి వంపు తిరిగే చోట కోసిన చెక్కతో చేస్తారు. దగ్గరగా చూస్తే చెక్కలోని గీతలు పిడి దగ్గర నుంచి నిటారుగా దిగి, చివర వెడల్పు భాగంలో వంపుతో పాటే తిరిగాయి. ఆ వెడల్పు చుట్టూ పల్చటి రేకు చుట్టి చిన్న మేకులు కొట్టారు. బంతి పేరు స్లిటర్. బరువు 110 నుంచి 116 గ్రాములు, అంటే మన హాకీ బంతి కంటే తేలిక. రెండు తోలు ముక్కలు కలిపి కుడతారు. కుట్టు పొడవునా అంచు పైకి లేచి ఉంటుంది, వేలితో తడిమితే కజ్జికాయ అంచులా తగులుతుంది.

షెఫ్లిన్ కిల్‌కెన్నీ కౌంటీ వాడు. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. బాలీహేల్ అనే చిన్న ఊరు. 1999 నుంచి 2014 దాకా కౌంటీకి ఆడాడు. కౌంటీ జట్ల మధ్య జరిగే ఆల్ ఐర్లాండ్ ఛాంపియన్‌షిప్‌లో గెలిచిన పతకాలు 10. ఆయన కంటే ముందు ఎవరికీ పది రాలేదు. ఛాంపియన్‌షిప్‌లో 71 మ్యాచ్‌లు ఆడి 27 గోల్స్, 484 పాయింట్లు కొట్టాడు. ఇంత ఆడినా జీతం లేదు. ఆ ఆటలో ఎవరికీ ఉండదు. ఆయన ఉద్యోగం బ్యాంకులో. అది విన్నప్పుడే నాకు మనిషి దగ్గరయ్యాడు. క్లోజింగ్ అయ్యాక ప్రాక్టీసుకి పరిగెత్తడం ఎలా ఉంటుందో నాకు తెలుసు కదా.

2007లో ఒకసారి, 2010లో ఇంకోసారి, ఆయనకి మోకాలి లిగమెంట్ రెండుసార్లు తెగింది. రెండోసారి తెగిన నాలుగు వారాలకే ఫైనల్ ఆడాడని తమ్ముడు చెప్పాడు. అది ఎలా సాధ్యమైంది? ఆయన చేసింది మనం చేయకూడదా? అక్కడ ఉన్నవాళ్లు, ఆట తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పండి.

కిల్‌కెన్నీ నర్సు రాసిన జవాబు:

అక్కా, నాది శ్రీకాకుళం. చదువు విశాఖలో, ఉద్యోగం 2016 నుంచి కిల్‌కెన్నీలో. నేను వచ్చేసరికి ఆయన కౌంటీ ఆట మానేసి ఏడాది అయింది. కానీ ఇక్కడ వార్డులో ఏ పెద్దాయన మంచం పక్కన నిలబడినా షెఫ్లిన్ మాట ఒక్కసారైనా వస్తుంది. పరిచయం పెరగాలంటే కిల్‌కెన్నీ జట్టు నలుపు పసుపు జెండా గురించి అడిగితే చాలు.

మీ తమ్ముడు చెప్పింది నిజమే, కానీ సగమే చెప్పాడు. మిగతాది నేను చెప్తాను.

2007 ఫైనల్ లిమరిక్ మీద. ఆ ఏడాది కెప్టెన్ కూడా ఆయనే. మొదటి సగంలో మోకాలు పోయింది, రెండో సగానికి దిగలేదు. జట్టు గెలిచింది, కప్పు మాత్రం ఆయనే వెళ్లి అందుకున్నాడు. తర్వాత ఆపరేషన్, చలికాలమంతా వ్యాయామాలు. 2008 సెప్టెంబరు ఫైనల్‌లో కిల్‌కెన్నీ వాటర్‌ఫర్డ్‌ని 3-30, 1-13తో చిత్తు చేసినప్పుడు మళ్లీ మైదానంలో ఉన్నాడు (హర్లింగ్ స్కోరులో ముందు అంకె గోల్స్, తర్వాతది పాయింట్లు). మీరు 2019లో ఆపరేషన్ చేయించుకుని పది నెలలకి వచ్చారు చూడండి, అలాంటిదే ఇది. ఎవరూ తొందరపడలేదు.

2009లో టిప్పరేరీ మీద ఫైనల్ చివర్లో పెనాల్టీని గోల్ చేశాడు. దాంతో వరుసగా నాలుగో కప్పు. 1941 నుంచి 1944 వరకు కార్క్ నాలుగు గెలిచింది, ఆ లెక్కకి వీళ్లు సమానమయ్యారు. ఐదోది గెలిస్తే చరిత్రలో ఎవరూ చేయనిది. ఇప్పటికీ హర్లింగ్‌లో ఏ కౌంటీ వరుసగా ఐదు గెలవలేదు.

2010 ఆగస్టులో సెమీఫైనల్‌లో కార్క్ మీద ఆడుతూ మోకాలు పోగొట్టుకున్నాడు. అదే మ్యాచ్‌లో జాన్ టెన్నిసన్ అనే సహచరుడికీ అదే దెబ్బ. ఇద్దరూ ఆపరేషన్ వాయిదా వేసుకుని జెరార్డ్ హార్ట్‌మన్ అనే పేరున్న థెరపిస్టు దగ్గర కండరాల బలం పెంచుకున్నారు. ఫైనల్‌కి ముందు ఇక్కడి నోలన్ పార్కులో ప్రాక్టీసుకి షెఫ్లిన్ వస్తాడో రాడో చూద్దామని వేలమంది జనం వచ్చారట. మ్యాచ్ కాదక్కా, ప్రాక్టీసు! ఆయన పరిగెడుతుంటే స్టాండులో చప్పట్లు కొట్టామని చెప్తారు.

సెప్టెంబరు 5న ఫైనల్. మొదటి నుంచీ దిగాడు. పావుగంట కూడా నిలవలేదు, మోకాలు లొంగిపోయింది, బయటికి వచ్చేశాడు. టిప్పరేరీ 4-17, కిల్‌కెన్నీ 1-18. అటు లార్ కార్బెట్ మూడు గోల్స్ కొట్టాడు. ఐదోది అలా పోయింది.

కాబట్టి "నాలుగు వారాల్లో ఫైనల్ ఆడాడు" అనేది ఆ పావుగంట లోపు ఆట గురించే. టెన్నిసన్ ఆడగలిగాడు, షెఫ్లిన్ ఆడలేకపోయాడు. దెబ్బ ఒకటే, పట్టుదల ఒకటే. ఏ మోకాలు నిలుస్తుందో, ఏది నిలవదో ముందే చెప్పడం ఎవరి తరమూ కాలేదు.

ఎంవీపీ ఫిజియో రాసిన జవాబు:

మేడమ్, రోజూ ఈ మోకాళ్లతోనే నా పని, అందుకే సూటిగా చెప్తున్నాను.

నేరుగా పరిగెడితే ఏమీ తెలియడం లేదన్నారు. తెలియదు కూడా. ఏసీఎల్ చేసే పని కాలి ఎముక ముందుకి జారకుండా, అడ్డదిడ్డంగా తిరగకుండా పట్టుకోవడం. బీచ్ రోడ్డు మీద నేరుగా వెళ్లేటప్పుడు దానికి పెద్దగా పనిలేదు. తొడ కండరాలే బండి లాగేస్తాయి. హాకీలో నడుం వంచి, ఒక కాలి మీద బరువేసి గిర్రున తిరుగుతారు. అప్పుడు కావాలి అది. పట్టీ ఆ పని చేయదు. పట్టీ వల్ల ధైర్యం వస్తుంది, ఆ ధైర్యంతోనే ఇంకా గట్టిగా తిరుగుతారు.

లిగమెంట్ ఎలాగూ తెగింది, ఇంకేం పోతుంది అనుకుంటారు చాలామంది. పోయేది పక్కనున్న మెనిస్కస్. ఎముకకీ ఎముకకీ మధ్య దిండులా ఉండే మెత్తటి పొర. మోకాలు జారిన ప్రతిసారీ అది నలుగుతుంది, చిరుగుతుంది. లిగమెంట్ కొత్తది వేయగలరు, అరిగిన దిండు మళ్లీ రాదు. మీది రెండో ఆపరేషన్ కాబట్టి కథ ఇంకొంచెం చిక్కు. మొదటిసారి ఎముకలో వేసిన రంధ్రాలు వెడల్పయ్యాయేమో చూడాలి, కొత్త లిగమెంట్‌కి టెండన్, అంటే కండరాన్ని ఎముకకి కలిపే తాడు, ఎక్కడి నుంచి తీయాలో చూడాలి. ఇవన్నీ మీ డాక్టరు గారిని అడగండి.

షెఫ్లిన్ మోకాలి చుట్టూ డాక్టర్లు, థెరపిస్టులు, కోచ్‌లు రోజూ ఉన్నారు. పదేళ్లకు పైగా ఆ స్థాయిలో కసరత్తు చేసిన తొడలు అవి. అయినా పావుగంట లోపే లొంగిపోయింది. మీరు సాయంత్రం ఆరు దాకా కౌంటర్లో కూర్చుని, ఆదివారం ఆడే మనిషి. ఈ తేడా దయచేసి గుర్తు పెట్టుకోండి. ఆపరేషన్ అయ్యాక కూడా తొమ్మిది నెలల లోపు ఆటలోకి వెళ్లొద్దు, అంతకు ముందే వెళ్లినవాళ్లలో మళ్లీ తెగడం బాగా ఎక్కువ. తొమ్మిది నెలలు నిండాయని కూడా కాదు, ఒంటికాలి గెంతులో, తొడ బలంలో ఆపరేషన్ అయిన కాలు రెండో కాలికి దాదాపు సమానమయ్యాకే వెళ్లాలి.

పాత గోల్‌కీపర్ రాసిన జవాబు:

తల్లీ, నేను రిటైరైన డ్రిల్లు మాస్టార్ని. ఈ హర్లింగ్ ఆట నీ పోస్టు చదివాకే తెలిసింది. మనవడిని పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు వీడియోలు చూశాను. 2012లో గాల్వే కౌంటీ మీద ఫైనల్‌లో ఆయన ఒక పెనాల్టీ కొట్టాడు, అది చూశావా? స్కోరు సమానం, ఆట చివరికొచ్చింది. నెట్‌లోకి కొడితే మూడు పాయింట్లు. ఈయన అడ్డకర్ర మీదుగా కొట్టి ఒక్క పాయింటు తీసుకున్నాడు. ఆ తర్వాత గాల్వే వాళ్ల జో కానింగ్ ఫ్రీ, అంటే ఫౌల్‌కి ఇచ్చే దెబ్బ, కొట్టి సమం చేశాడు. మ్యాచ్ డ్రా. ఆ రాత్రి ఎంతమంది ఎన్ని మాటలన్నారో! నేను గోల్‌కీపర్ని కాబట్టి చెప్తున్నాను, గీత మీద ముగ్గురు నిలబడి ఉంటే నెట్‌లోకి కొట్టడం అంత సులువు కాదు. ఖాయంగా వచ్చేది తీసుకున్నాడు. మూడు వారాలకి మళ్లీ ఆడి 3-22, 3-11తో గెలిచారు. అది ఆయన తొమ్మిదో పతకం. ఆ ఏడాది ఉత్తమ ఆటగాడు కూడా ఆయనే, మూడోసారి. వయసు 33.

నా సంగతి చెప్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో మోకాలు బెణికింది, వైద్యం చేయించుకోకుండానే రెండు సీజన్లు ఆడాను. అప్పట్లో స్కానింగులూ అవీ ఎక్కడివి? కట్టు కట్టుకుని దిగిపోవడమే. నువ్వు ఉండాల్సిందే మాస్టారూ అని అందరూ అంటే పొంగిపోయేవాణ్ణి. ప్రతి ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు నడిచే అలవాటు నాది. ఇప్పుడు కొండ కింద తొలి పావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి, అక్కడి నుంచే దణ్ణం పెట్టుకుని ఆటో ఎక్కుతాను. ఇరవై ఏళ్లయింది కొండ చుట్టి. ఆ రెండు సీజన్లలో మేం ఎన్ని మ్యాచ్‌లు గెలిచామో నాకు గుర్తు లేదు.

నీకు 36 అంటున్నావు. ఇంకా చాలా నడవాలి తల్లీ.

కిల్‌కెన్నీ నర్సు మళ్లీ రాశారు:

మాస్టారు గారూ, నమస్కారం. 2012 గురించి మీరు చెప్పినదానికి ఒక్క మాట కలుపుతాను. ఆ ఏడాది మొదట్లో ఆయనకి భుజానికి ఆపరేషన్ అయింది. వసంతమంతా ఆడలేదు, ఎండాకాలానికి తిరిగొచ్చాడు. 2013లో పాదం ఎముకకి చీలిక, మళ్లీ నెలల తరబడి బయటే. ఆ ఏడాది కార్క్ మీద క్వార్టర్ ఫైనల్‌లో రెండు పసుపు కార్డులు పడి బయటికి పంపేశారు, జట్టు ఓడింది. అక్కడితో ఆపేస్తాడనుకున్నారట అందరూ.

నన్ను అడిగితే ఆయన ఆటలో నాకు ఎక్కువ నచ్చింది 2014. అక్కకి పనికొచ్చేది కూడా అదే అనుకుంటున్నాను. ఆ ఏడాది ఆయన్ని ఎక్కువగా బెంచీ మీదే కూర్చోబెట్టారు. కోచ్ బ్రయన్ కోడీకి పేరు చూసి జట్టులోకి తీసుకునే అలవాటు లేదు. తొమ్మిది పతకాలు గెలిచిన మనిషి పక్కన కూర్చుని కుర్రాళ్ల ఆట చూశాడు. ఫైనల్ టిప్పరేరీతో డ్రా అయింది, మళ్లీ ఆడిన మ్యాచ్‌లో 2-17, 2-14తో గెలిచారు. చివర్లో సబ్‌స్టిట్యూట్‌గా దింపారు. పదో పతకం అలా వచ్చింది. మా వార్డులో ఒక తాతగారు ఉండేవారు. ఆ మధ్యాహ్నం షెఫ్లిన్ లేచి హెల్మెట్ పెట్టుకుంటుంటేనే స్టేడియం దద్దరిల్లిందని చెప్తూ ఏడ్చేశారు.

2015 మార్చి 17న సొంత ఊరి క్లబ్ బాలీహేల్ షామ్‌రాక్స్‌తో మూడో క్లబ్ ఆల్ ఐర్లాండ్ గెలిచాడు. ఆ నెలలోనే కౌంటీ ఆటకి సెలవు చెప్పాడు. ఛాంపియన్‌షిప్‌లో ఆయన కొట్టిన 27 గోల్స్, 484 పాయింట్ల రికార్డుని 2021లో జో కానింగ్ దాటాడు, మాస్టారు చెప్పిన ఆ ఫ్రీ కొట్టిన అబ్బాయే.

సీతమ్మధార హాఫ్‌బ్యాక్ మళ్లీ రాశారు:

అందరికీ చేతులెత్తి నమస్కారం. జవాబులు రాత్రి రెండుసార్లు చదివాను. మాస్టారు గారి తొలి పావంచా దగ్గర ఆగిపోయాను. మా నాన్న కూడా ప్రతి ఏడాదీ ప్రదక్షిణ నడుస్తారు, మొదటిసారి నన్ను తీసుకెళ్లింది పదో తరగతిలో.

నిన్న మా కెప్టెన్‌కి ఫోన్ చేసి ఆడనని చెప్పేశాను. కాసేపు తను ఏమీ మాట్లాడలేదు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. తర్వాత తనే "సరే, అయితే బెంచీ మీద నువ్వే ఉండాలి, వాళ్ల రైట్ ఇన్ ఆడే ఫార్వర్డ్ ఎటు తిరుగుతుందో నీకు తెలిసినంత ఎవరికీ తెలియదు" అంది. నిజమే, ఆ అమ్మాయిని నాలుగేళ్లుగా ఆపుతున్నది నేనే. నా స్థానంలో ఆడే పిల్లకి 19 ఏళ్లు, డిగ్రీ చదువుతోంది. ఆదివారం ప్రాక్టీసుకి కుర్చీ వేసుకుని వెళ్తున్నాను. ఆ అమ్మాయి ఎడమ భుజం దించితే కుడికి పోతుందని ఈ పిల్లకి పదిసార్లు చూపించాలి. నోటితో చెప్తే సరిపోదు, ఎవరినైనా అలా పరిగెత్తించాలి.

ఫిజియో గారూ, మీరు చెప్పినవన్నీ కాగితం మీద రాసుకున్నాను. గురువారం డాక్టరు గారి దగ్గరికి వెళ్తున్నాను. ఆపరేషన్ ఫైనల్ అయిన వారానికి పెట్టమని అడుగుతాను. సెలవు కూడా అప్లై చేశాను.

నర్సు చెల్లీ, ఒక చిన్న సాయం చేయాలి. తమ్ముడు తెచ్చిన హర్లీతో సాయంత్రాలు మేడ మీద కుర్చీలో కూర్చుని స్లిటర్‌ని కర్ర మీద ఎగరేస్తున్నాను. నిన్నటికి వరుసగా 41 సార్లు వచ్చింది. కానీ ఇక్కడి సముద్రపు గాలికి ఆ రేకు అంచున తుప్పు మొదలైంది, ఒక మేకు కదులుతోంది. చెక్క కూడా పొడిబారినట్టుంది. అక్కడివాళ్లు దానికి ఏం రాస్తారు?

కిల్‌కెన్నీ నర్సు మళ్లీ రాశారు:

అక్కా, అవిసె నూనె. మన పూర్ణా మార్కెట్‌లో అడిగి చూడండి. పాత గుడ్డతో పల్చగా రాసి, ఒక రాత్రి నీడలో పడుకోబెట్టండి, ఎండలో గోడకి ఆనించొద్దు, వంగిపోతుంది. కదిలే మేకు తీసేసి, పక్కన కొత్త చోట చిన్నది కొట్టించండి, పాత రంధ్రంలోనే కొడితే మేకు నిలవదు. ఫైనల్ స్కోరు ఇక్కడ పెట్టడం మరిచిపోకండి. మీరు ఆదివారం పొద్దున్న ఆడేసరికి మాకు ఇంకా తెల్లవారదు, లేచేసరికి చూస్తాను.